నర్సింగ్ హోములో మధ్యాహ్నం మూడు దాటాక

అమెరికాలోని నర్సింగ్ హోముల్లో రోజుకు ఇరవై నాలుగు గంటలూ ఒక రిజిస్టర్డ్ నర్సు ఉండి తీరాలన్న నిబంధనను ఫెడరల్ (అంటే కేంద్ర) ప్రభుత్వం 2025 డిసెంబరులో రద్దు చేసింది. అప్పటికింకా అమలులోకి రాని నిబంధన కావడం వల్ల ఆ వార్త ఎవరినీ పెద్దగా కదిలించలేదు. మా నర్సుల్లో కూడా చాలామంది తరువాత ఎప్పుడో విని, అవునా అని ఊరుకున్నారు. వృత్తి జీవితంలో ఎక్కువ భాగం ఒహాయోలోని నర్సింగ్ హోముల్లోనే గడిపిన నర్సుగా నేను మాత్రం దాన్ని అంత తేలిగ్గా తీసుకోలేకపోతున్నాను. తల్లిదండ్రులను ఇక్కడికి తెచ్చుకున్న తెలుగు కుటుంబాలు ఇప్పుడు ఏటేటా పెరుగుతున్నాయి కనుక, ఈ సంగతి మన భాషలో ఒకచోట వివరంగా ఉండాలని కూడా అనిపించి రాస్తున్నాను.

మన ఊళ్లలో నర్సింగ్ హోమ్ అంటే ఒక డాక్టరు సొంతంగా నడుపుకునే చిన్న ప్రైవేటు ఆసుపత్రి. ఇక్కడ నర్సింగ్ హోమ్ అంటే తుంటి ఎముక విరిగో, పక్షవాతం వచ్చో, మతిమరుపు ముదిరో ఇంట్లో ఉండలేని స్థితికి వచ్చినవాళ్లు కొన్ని వారాలో, కొన్నేళ్లో, చాలాసార్లు చివరిదాకానో ఉండే చోటు. దేశం మొత్తం మీద ఇలాంటివి సుమారు 15,000 ఉన్నాయి, వాటిలో దాదాపు 12 లక్షల మంది ఉంటున్నారు. అక్కడ డాక్టరు రోజూ కనిపించడు. మొదటి తొంభై రోజుల్లో ముప్పై రోజులకు ఒకసారి, ఆ తరువాత అరవై రోజులకు ఒకసారి వచ్చి చూస్తే ఫెడరల్ నిబంధన ప్రకారం సరిపోతుంది. మిగతా రోజుల్లో ఆయన ఫోనులోనే ఉంటాడు. ఆయనకు ఎప్పుడు ఫోను చేయాలో, ఏం చెప్పాలో నిర్ణయించేది నర్సు. ఆ నర్సుల్లోనూ అంతరాలు ఉన్నాయి. స్నానం చేయించడం, అన్నం తినిపించడం, పక్క మార్చడం వంటి పనులన్నీ చేసే సి.ఎన్.ఏ.కు చట్టం కోరే కనీస శిక్షణ 75 గంటలు. మందులు ఇచ్చే, కట్లు కట్టే ఎల్.పి.ఎన్. చదువు సుమారు ఏడాది. రెండు నుంచి నాలుగేళ్లు చదివిన రిజిస్టర్డ్ నర్సుకు, అంటే మేం ఆర్.ఎన్. అనుకునే మనిషికి, రోగిని పూర్తిగా పరీక్షించి, ఏం జరుగుతోందో అంచనా వేసి, చికిత్స ప్రణాళిక మార్చే బాధ్యత ఉంటుంది. ఎల్.పి.ఎన్. బి.పి. చూసి రాయగలదు, జ్వరం చూసి రాయగలదు. వాటన్నిటినీ కలిపి చూసి ఈ మనిషి పరిస్థితి విషమిస్తోందని తేల్చవలసినది ఆర్.ఎన్.

ఇప్పుడు చట్టం సంగతి. 1987లో కాంగ్రెసు, అంటే ఇక్కడి పార్లమెంటు, చేసిన నర్సింగ్ హోమ్ సంస్కరణ చట్టం ప్రకారం ఇరవై నాలుగు గంటలూ ఏదో ఒక లైసెన్సు ఉన్న నర్సు ఉండాలి, అది ఎల్.పి.ఎన్. అయినా చాలు, ఆర్.ఎన్. మాత్రం వారంలో ఏడు రోజులూ, రోజుకు వరుసగా ఎనిమిది గంటలు ఉంటే చాలు. భవనంలో నలభై మంది ఉన్నా, రెండు వందల మంది ఉన్నా అదే ఎనిమిది గంటలు. అంతకు మించి చట్టంలో ఉన్నది "తగినంత మంది సిబ్బంది" అన్న మాట ఒక్కటే. ఆ ఎనిమిది గంటలు చాలాచోట్ల ఉదయం ఏడు నుంచి మధ్యాహ్నం మూడు వరకు సాగుతాయి. ఎందుకంటే ఆఫీసు తెరిచి ఉండేది, కుటుంబాలు వచ్చేది, తనిఖీ అధికారులు ఎక్కువగా వచ్చేది అప్పుడే. సాయంత్రం, రాత్రి, అంటే రోజులో మూడింట రెండు వంతుల కాలం ఆర్.ఎన్. లేకుండా గడిచినా చట్టం దృష్టిలో అది తప్పు కాదు.

ఒక ఆదివారం సాయంత్రం జరిగినది చెబితే ఇది ఎందుకు ముఖ్యమో తెలుస్తుంది. ఆ రోజు నాకు డ్యూటీ లేదు. వారం మొదట్లో పంపవలసిన ఎం.డి.ఎస్. పత్రాలు, అంటే ఒక్కొక్క రోగి స్థితిని నమోదు చేసి ప్రభుత్వానికి పంపే పత్రాలు మిగిలిపోయి, వాటిని పూర్తి చేయడానికి వెళ్లాను. ఆ పత్రాల మీద ఆర్.ఎన్. సంతకం ఉండి తీరాలి, లేకపోతే సంస్థకు డబ్బు రాదు కనుక, మాలో చాలామంది వారంలో ఎక్కువ గంటలు రోగుల దగ్గర కాక కంప్యూటరు ముందే గడుపుతారు. (సిబ్బంది లెక్కల్లో ఆ గంటలు కూడా ఆర్.ఎన్. గంటలుగానే కలుస్తాయని చాలామందికి తెలియదు.) మందుల బండి దగ్గర ఉన్న ఎల్.పి.ఎన్. చేతిలో ముప్పై మందికి పైగా ఉన్నారు, ఒక్కొక్కరికి ఏడెనిమిది మాత్రలు, కొందరికి పొడి చేసి యాపిల్ గుజ్జులో కలిపి పెట్టాలి, కొందరికి గొట్టం ద్వారా ఇవ్వాలి. అప్పుడొక సి.ఎన్.ఏ. నా గది తలుపు దగ్గరకు వచ్చి, ఫలానా గదిలో పెద్దావిడ ఈ పూట తల దువ్వమని అడగలేదు, నాకేదో బాగా అనిపించడం లేదు అని చెప్పింది. ఏళ్ల తరబడి ఆవిడను చూసుకుంటున్న మనిషి. అంతకుముందే ఎల్.పి.ఎన్.కు చెప్పిందట, ఆమె వచ్చి జ్వరం చూసింది, లేదు, మళ్లీ బండి దగ్గరకు వెళ్లింది. ఆమెను నేను తప్పు పట్టను. అంతమంది మాత్రలు చేతిలో పెట్టుకుని ఒకరి పక్కన పది నిమిషాలు నిలబడే వీలు ఆమెకు లేదు.

నేను వెళ్లి చూసేసరికి ఆవిడ కళ్లు తెరిచే ఉన్నాయి, పేరు పిలిస్తే పలికింది, కానీ నన్ను తన చెల్లెలు అనుకుంది. చేతి గడియారం పెట్టుకుని పూర్తిగా ఒక నిమిషం లెక్కపెడితే ఊపిరి 28. బి.పి. పైది 94. నాడి 116. దుప్పటి తీసి చూస్తే మోకాళ్ల దగ్గర చర్మం మీద ఊదారంగు మచ్చలు వలలాగా అల్లుకున్నాయి. కాథెటర్ సంచిలో మూత్రం కొంచెమే ఉంది, చిక్కటి టీ రంగులో ఉంది. వయసు మళ్లినవాళ్లకు ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకినా చాలాసార్లు జ్వరం రాదు; కొత్తగా మాట తడబడటం, మనిషిని పోల్చుకోలేకపోవడమే మొదటి గుర్తు అవుతుంది. ఆన్‌కాల్ డాక్టరుకు ఈ అంకెలన్నీ వరుసగా చెప్పాను, సెప్సిస్ అనుకుంటున్నానని చెప్పాను, అరగంటలోపే అంబులెన్సు వచ్చింది. ఆసుపత్రిలో అదే తేలింది. ఆవిడ కొన్ని రోజులకు తిరిగి వచ్చింది. ఆ పత్రాలు మిగిలిపోకపోయి ఉంటే ఆ సాయంత్రం ఆ భవనంలో ఆర్.ఎన్. ఉండేది కాదు, మరుసటి ఉదయం ఏడు గంటల దాకా ఎవరూ వచ్చేవారు కాదు, అయినా ఏ నిబంధనా ఉల్లంఘించినట్లు అయ్యేది కాదు.

ఎంతమంది నర్సులు ఉంటే సరిపోతుందన్నది ఎవరికీ తెలియని విషయమేమీ కాదు. ఫెడరల్ ప్రభుత్వమే చేయించిన అధ్యయనం 2001లో ఒక అంకె చెప్పింది. దీర్ఘకాలం ఉండే ఒక్కొక్కరికి రోజుకు మొత్తం 4.1 గంటల నర్సింగ్ సేవ, అందులో 0.75 గంట, అంటే నలభై ఐదు నిమిషాలు ఆర్.ఎన్. సేవ అందకపోతే హాని జరిగే అవకాశం పెరుగుతుందని దాని సారాంశం. ఆ తరువాత ఇరవై ఏళ్లపాటు దాని ఆధారంగా ఫెడరల్ ప్రభుత్వం ఏ కనీస సంఖ్యా నిర్ణయించలేదు. 2020 ఫిబ్రవరిలో వాషింగ్టన్ రాష్ట్రంలోని కర్క్‌లాండ్ నర్సింగ్ హోములో మొదలైన కోవిడ్ విపత్తు దేశమంతా పాకి, 2022 ఆరంభానికి నర్సింగ్ హోముల్లో ఉండేవాళ్లూ పనిచేసేవాళ్లూ కలిపి రెండు లక్షల మంది పోయాక గాని ఈ విషయం తిరిగి పైకి రాలేదు. 2022లో అధ్యక్షుడు బైడెన్ ప్రకటించిన సంస్కరణల్లో కనీస సిబ్బంది నిబంధన ఒకటి. 2023 సెప్టెంబరులో ముసాయిదా వచ్చింది, దాని మీద 46,000కు పైగా అభిప్రాయాలు అందాయి, 2024 ఏప్రిల్‌లో తుది నిబంధన వెలువడింది. ఒక్కొక్కరికి రోజుకు 3.48 గంటల సేవ, అందులో 0.55 గంట ఆర్.ఎన్., 2.45 గంటలు సి.ఎన్.ఏ., దానితోపాటు ఇరవై నాలుగు గంటలూ భవనంలో ఒక ఆర్.ఎన్. పట్టణాలకు రెండు మూడేళ్లు, గ్రామీణ ప్రాంతాలకు ఐదేళ్ల దాకా గడువు ఇచ్చారు. నిజంగా మనుషులు దొరకని చోట మినహాయింపు కోరుకునే వీలు కూడా పెట్టారు.

ఇది పెద్ద కోరిక ఏమీ కాదు. 0.55 గంట అంటే ముప్పై మూడు నిమిషాలు. వంద మంది ఉన్న భవనంలో లెక్క వేస్తే రోజంతటికీ 55 గంటలు, అంటే మూడు షిఫ్టులకూ కలిపి ఏడుగురు ఆర్.ఎన్.లు. ఆసుపత్రిలో ఒక్క వార్డులో ఒక్క పగలు ఉండే నర్సుల సంఖ్య అది. 2001 అధ్యయనం అడిగినదాని కన్నా తక్కువ కూడా. అయినా ఈ నిబంధన అమలైతే దేశంలోని నర్సింగ్ హోముల్లో నూటికి దాదాపు 79 సంస్థలు సిబ్బందిని పెంచుకోవలసి వస్తుందని ప్రభుత్వమే అంచనా వేసింది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు దీనివల్ల ఏటా సుమారు 13,000 ప్రాణాలు నిలుస్తాయని లెక్క కట్టారు.

యాజమాన్యాల సంఘాలు కోర్టుకు వెళ్లాయి. 2025 ఏప్రిల్‌లో టెక్సస్‌లోని ఫెడరల్ న్యాయస్థానం, జూన్‌లో అయోవాలోని మరో న్యాయస్థానం ఈ నిబంధనను కొట్టివేశాయి. కాంగ్రెసు చట్టంలో ఎనిమిది గంటలని స్పష్టంగా రాసినప్పుడు దాన్ని ఇరవై నాలుగుగా మార్చే అధికారం ప్రభుత్వ శాఖకు లేదన్నది న్యాయస్థానాల వాదన. ఆ వాదనను నేను తోసిపుచ్చను. చట్టం రాసినవాళ్లే చట్టాన్ని మార్చాలి. అయితే ఆ చట్టం రాసిన సభే 2025 జూలై 4న సంతకమైన భారీ బడ్జెట్ చట్టంలో, ఈ నిబంధనను 2034 సెప్టెంబరు 30 దాకా అమలు చేయకూడదని ఒక సెక్షన్ చేర్చింది. డిసెంబరులో వచ్చిన రద్దు ఉత్తర్వు ఆ వరుసలో చివరిది.

వ్యతిరేకించినవాళ్లు మొదటినుంచీ చెప్పినది ఒకటే మాట, నర్సులు లేరు అని. లక్షకు పైగా కొత్త మనుషులు కావాలి, ఎక్కడినుంచి తేవాలి అన్నారు. ఖర్చు పదేళ్లలో 43 బిలియన్ డాలర్లని ప్రభుత్వ అంచనా. గ్రామీణ ప్రాంతాల విషయంలో ఈ మాటలో నిజం ఉంది. ఊరికి ఉన్న ఒకే నర్సింగ్ హోము, గంట దూరం నడుపుకుంటూ వస్తే తప్ప ఆర్.ఎన్. దొరకని పరిస్థితి నేను చూశాను. అలాంటిది మూతపడితే అక్కడివాళ్లను పిల్లలకు అందనంత దూరం పంపవలసి వస్తుంది. నర్సింగ్ హోముల్లో ఉండేవాళ్లలో నూటికి అరవై మందికి పైగా ఖర్చు మెడికెయిడ్, అంటే పేదలకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా భరిస్తుంది, అది ఇచ్చే రేటు చాలా రాష్ట్రాల్లో అసలు ఖర్చుకు చాలదని యాజమాన్యాలు చెప్పేది కూడా పూర్తిగా అబద్ధం కాదు. నర్సింగ్ కళాశాలల్లో బోధించేవాళ్లు చాలక, శిక్షణకు ఆసుపత్రుల్లో చోటు చాలక 2021 ఒక్క ఏడాదిలోనే అర్హత ఉన్న సుమారు 92,000 దరఖాస్తులను తిప్పి పంపారు.

కానీ ఈ దేశంలో 30 లక్షలకు పైగా రిజిస్టర్డ్ నర్సులు ఉద్యోగాలు చేస్తున్నారు. వాళ్లు లేకపోవడం వేరు, ఇక్కడ నిలవకపోవడం వేరు. 2017, 2018 సంవత్సరాల జీతాల రికార్డులను పరిశీలించిన ఒక అధ్యయనంలో నర్సింగ్ హోముల నర్సింగ్ సిబ్బంది ఏడాదికి మారిపోయే రేటు సగటున నూటికి 128గా తేలింది. అంటే ఏడాది తిరిగేసరికి మొత్తం సిబ్బంది మారినంత పని జరగడమే కాక, కొన్ని ఉద్యోగాలకు అదే ఏడాదిలో రెండోసారి, మూడోసారి మనిషిని వెతుక్కున్నారన్నమాట. అది కోవిడ్‌కు ముందు మాట. కోవిడ్ తొలి రెండేళ్లలో ఈ రంగం రెండు లక్షలకు పైగా ఉద్యోగులను పోగొట్టుకుంది.

ఎందుకు వెళ్లిపోతారో మా బ్రేక్‌రూములో ఎవరిని అడిగినా చెబుతారు. పక్క వీధిలోని ఆసుపత్రిలో జీతం ఎక్కువ, చేతిలో ఐదారుగురు రోగులు, పక్కన మరో పదిమంది ఆర్.ఎన్.లు, అనుమానం వస్తే వచ్చి చూసే డాక్టరు ఉంటారు. ఇక్కడ సాయంత్రం షిఫ్టులో అరవై మంది మీద ఒక్క ఆర్.ఎన్. ఉంటే, ఏ గదిలో ఏం జరిగినా లైసెన్సు మీదకు వచ్చేది ఆ ఒక్క మనిషికే. తెల్లవారుజామున రావలసిన మనిషి రాలేదని ఫోను వస్తే ఇంకో ఎనిమిది గంటలు ఉండిపోవాలి, లేకపోతే రోగులను వదిలేసి వెళ్లినట్లు అవుతుంది. అలా వరుసగా రెండు షిఫ్టులు చేసిన మనిషి మూడో నెలలో రాజీనామా ఇస్తుంది. ఆమె చోటు ఏజెన్సీ పంపే తాత్కాలిక నర్సుతో నింపుతారు. ఏజెన్సీకి గంటకు ఇచ్చేది సొంత నర్సు జీతం కన్నా చాలా ఎక్కువ, వచ్చిన మనిషికి మాత్రం ఏ గదిలో ఎవరు ఉన్నారో తెలియదు. తల దువ్వమని ఎప్పుడూ అడిగే పెద్దావిడ ఈ పూట అడగలేదన్న సంగతి ఏజెన్సీ నుంచి ఒక్క రాత్రికి వచ్చినవాళ్లకు ఎలా తెలుస్తుంది?

డబ్బు లేదన్న మాటను కూడా కాస్త నిదానంగా చూడాలి. అమెరికా నర్సింగ్ హోముల్లో నూటికి డెబ్బైకి పైగా లాభాల కోసం నడిచేవే. చాలామంది యజమానులు భవనం ఒక కంపెనీ పేర, నిర్వహణ ఇంకో కంపెనీ పేర, మందులు, థెరపీ మరో కంపెనీ పేర పెట్టి, అవన్నీ తమవే అయినా నర్సింగ్ హోము వాటికి ఎక్కువ అద్దె, ఎక్కువ ఫీజు చెల్లించినట్లు చూపిస్తారు. లెక్కల్లో నర్సింగ్ హోము నష్టంలో ఉంటుంది. ఇల్లినాయ్ రాష్ట్రపు లెక్కలు తవ్వి చూసిన ఇద్దరు ఆర్థికవేత్తలు 2024లో ప్రచురించిన పరిశోధనా పత్రంలో లాభాల్లో దాదాపు మూడింట రెండు వంతులు ఇలా పక్క కంపెనీల్లోకి వెళ్లినట్లు అంచనా వేశారు. ఈ దారులు మూసి, వచ్చిన ప్రజాధనంలో ఇంత భాగం మంచం పక్కన పనిచేసేవాళ్ల జీతాలకు పోవాలని గట్టిగా రాస్తే, నర్సుల కొరత అన్నదానిలో ఎంత భాగం మిగులుతుందో అప్పుడు చూడవచ్చు. మాలో చాలామంది ఈ పనిని ఇష్టపడే చేస్తారు. ముసలివాళ్ల దగ్గర పనిచేయడానికి ఒక ఓపిక, ఒక నైపుణ్యం కావాలి, అది ఉన్నవాళ్లు ఉన్నారు. వాళ్లను నిలుపుకోగలిగే షిఫ్టులు లేవు.

మన పిల్లల సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. 2005లో కాంగ్రెసు, వాడకుండా మిగిలిపోయిన 50,000 ఉద్యోగ వీసాలను నర్సులకూ, ఫిజికల్ థెరపిస్టులకూ తీసి ఇచ్చింది. గుంటూరులో చదువుకుని ఆ దారిలో వచ్చినవాళ్లలో నేనొకదాన్ని. 2006 చివరికల్లా ఆ వీసాలు అయిపోయాయి, తలుపు మూసుకుంది. ఇప్పుడు హైదరాబాదులో కూర్చుని ఎన్‌క్లెక్స్, అంటే ఇక్కడి నర్సు లైసెన్సు పరీక్ష పాసైన అమ్మాయి ఇక్కడి నర్సింగ్ హోములో ఉద్యోగం సిద్ధంగా ఉన్నా రాలేకపోతోంది. భారతదేశంలో పుట్టినవాళ్లకు ఈబీ-3 అనే గ్రీన్‌కార్డు వరుస పదేళ్లకు పైగా ఉంది, మామూలు నర్సు ఉద్యోగానికి హెచ్-1బి దొరకడం అరుదు. 40,000 వీసాలు మళ్లీ తీసి ఇవ్వాలన్న బిల్లు, అందులో 25,000 నర్సులకు, పదేపదే సభలోకి వస్తోంది, చట్టం కావడం లేదు. నర్సులు లేరని వాపోతున్న దేశం, రావడానికి సిద్ధంగా ఉన్నవాళ్లను వరుసలో నిలబెట్టడం నాకు అర్థం కాదు. ఒక్క షరతు మాత్రం ఉండాలని కోరుకుంటాను. రెండు మూడేళ్లు కదలకుండా పనిచేయాలని, మధ్యలో మానితే వేల డాలర్లు కట్టాలని సంతకం పెట్టించుకుని తెచ్చి, ఎవరూ నిలవని షిఫ్టుల్లో వేయడానికి మన పిల్లలను వాడుకోకూడదు.

అమ్మనో నాన్ననో కొన్ని వారాల కోసమైనా ఇక్కడి నర్సింగ్ హోములో ఉంచవలసి వచ్చిన కుటుంబాలు నన్ను అడిగేవి ఎక్కువగా భోజనం గురించి, గది గురించి. అవి ముఖ్యమే. కానీ చేర్చేముందు మెడికేర్ (వృద్ధులకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) వారి కేర్ కంపేర్ సైటులో ఆ సంస్థ పేరు కొట్టి, నక్షత్రాల రేటింగు కిందికి వెళ్లి, ఒక్కొక్కరికి రోజుకు ఆర్.ఎన్. సమయం ఎన్ని నిమిషాలో, శని ఆదివారాల్లో అది ఎంతకు పడిపోతుందో, నర్సులు మారిపోయే రేటు ఎంతో చూడమని నేను చెబుతాను. ఇవి 2016 నుంచి సంస్థలు పంపుతున్న జీతాల రికార్డుల ఆధారంగా వేసిన లెక్కలు, అంతకుముందు సంస్థలు సొంతంగా చెప్పుకున్నవాటికన్నా చాలా నమ్మదగినవి. వారాంతపు అంకె మామూలు రోజుల అంకెకన్నా బాగా తక్కువగా ఉంటే, నేనైతే ఇంకోచోటు వెతుకుతాను. చూడటానికి వెళ్లేటప్పుడు ఆదివారం సాయంత్రం ఆరు గంటలకు వెళ్లండి. ప్రతి షిఫ్టుకూ ఎంతమంది ఆర్.ఎన్., ఎల్.పి.ఎన్., సి.ఎన్.ఏ.లు ఉన్నారో, రోగులు ఎంతమందో రాసిన కాగితం అందరికీ కనపడేచోట అంటించి ఉండాలన్నది ఫెడరల్ నిబంధన, అది ఇప్పటికీ అమలులోనే ఉంది. ఆ కాగితం కనపడకపోతే అడగండి. రాత్రి భవనంలో ఆర్.ఎన్. ఉంటుందా, లేక ఫోనులో అందుబాటులో ఉంటుందా అని విడిగా అడగండి; ఆ రెండు జవాబులకూ చాలా తేడా ఉంది.

చేర్చాక, మీవాళ్లు నిన్నటిలా లేరని మీకు అనిపిస్తే, ముఖ్యంగా మాట తేడాగా ఉన్నా, తినడం మానేసినా, పగలంతా మగతగా ఉన్నా, జ్వరం లేదు కదా అన్న జవాబుతో ఊరుకోవద్దు. పరిస్థితి మారింది, ఆర్.ఎన్. వచ్చి పరీక్షించాలి అని ఆ మాటల్లోనే చెప్పండి, ఎప్పుడు చెప్పారో, ఎవరికి చెప్పారో రాసి పెట్టుకోండి. రోగి స్థితిలో గణనీయమైన మార్పు వస్తే డాక్టరుకూ కుటుంబానికీ వెంటనే తెలియజేయడం సంస్థ బాధ్యత అని నిబంధన ఉంది. అప్పటికీ ఎవరూ రాకపోతే, ప్రాణం మీదికి వచ్చినట్లు అనిపిస్తే, మీరే 911కు ఫోను చేయవచ్చు, దానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ప్రతి రాష్ట్రంలోనూ నర్సింగ్ హోముల్లో ఉండేవాళ్ల తరఫున ఫిర్యాదులు వినడానికి ఆంబుడ్స్‌మన్ ఉంటారు, ఆ నంబరు కూడా గోడ మీద ఉండాలి, మొదటి రోజే ఫోనులో దాచుకోండి.